విన్నదెల్ల వార్త కాదు

పల్లెలో వార్త మొదట చేరు చోటు ఏది యని యెవరైన నడిగినచో, పంచాయతీ కార్యాలయపు అరుగని చెప్పవచ్చును. కాలువకు నీరు ఎన్నడు వదలుదురు, రేషను బియ్యము ఎన్నడు వచ్చును, పైవాడలో జ్వరములు ఎందరికి వచ్చినవి, ఎవరి పొలము తగవులో పడినది — అన్నియు అక్కడకే వచ్చును. అక్కడి నుండియే ఊరంతయు ప్రాకును. పంచాయతీ సభ్యుడో, సభ్యురాలో ఒక మాట పలికినచో, “మెంబరుగారే చెప్పినారు” అని జనులు దానిని నిజముగా గ్రహింతురు. పట్టణము నుండి విలేకరి వచ్చినను మొదట వెదకునది సర్పంచును, సభ్యులనే. కావున పంచాయతీ సభ్యులు వార్తను వినువారు మాత్రమే కారు. వార్తను అందించువారును, మోయువారును గూడ.

పత్రికకు వార్త వ్రాయువాడు పాటింపవలసిన నియమములు కొన్ని యున్నవి. అవి విలేకరులకే గాక, నోటితో వార్త చెప్పు ప్రతివారికిని వర్తించును. ఈ మోత ఎంత బరువైనదో తెలియుటకు ముందుగా 2018వ సంవత్సరమున జరిగిన యొక ఘోరమును జ్ఞాపకము చేసికొనవలసి యున్నది.

పంచాయతీ గదిలో ఐదు ప్రాణములు

మహారాష్ట్రమున ధులే జిల్లాలో రైన్‌పాడా అను చిన్న గ్రామము గలదు. 2018 జులై 1వ తేది ఆదివారము నాడు అక్కడ వారపు సంత జరుగుచుండెను. దూరప్రాంతమునకు చెందిన ఐదుగురు ఆ సంతకు వచ్చిరి. వారు ఊరూరు తిరిగి భిక్షాటనముచే జీవించు సంచారజాతివారు. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని అంతకుముందు కొంతకాలముగా సెల్‌ఫోనులలో వాట్సాప్ ద్వారా సందేశములు వచ్చుచుండెను. ఆ ఐదుగురిలో నొకరు ఒక బాలికతో మాటలాడుట చూచి కొందరు అనుమానించిరి. జనము మూగినది. ఆ ఐదుగురిని గ్రామపంచాయతీ కార్యాలయములోనికి నెట్టి, అక్కడనే కొట్టి చంపిరి. చనిపోయినవారు పిల్లల దొంగలు కారు.

ఊరి మంచిచెడులు విచారించుటకు కట్టుకొన్న గదిలో విచారణ లేకయే ఐదు ప్రాణములు పోయినవి. “మీరెవరు, ఏ ఊరు?” అని యడిగి, వారి ఊరికి ఒక్క ఫోను చేసి, పోలీసులు వచ్చువరకు ఆగియున్నచో ఆ ఐదుగురును ఇండ్లకు చేరియుందురు.

ఆ దినములలో దేశమంతట తిరిగిన సందేశములలో ఒక చలనచిత్రపు ముక్క ముఖ్యమైనది. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దరు వీధిలో నాడుకొనుచున్న బాలుని ఎత్తుకొనిపోవుట అందు కనబడును. దానిని చూచిన ఏ తల్లి గుండె యైనను ఝల్లుమనును. అది పాకిస్థానమునందలి కరాచీ నగరములో, పిల్లలను జాగ్రత్తగా కాపాడుకొనుడని తలిదండ్రులకు బోధించుటకై 2016లో తీసిన ప్రచారచిత్రము. అందులో నటులు నటించిరి. చివర వారు బాలుని తిరిగి తెచ్చి దించి, హెచ్చరిక వ్రాసిన కాగితమును చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించి మిగిలినదానిని మన దేశమున వదలిరి. కొత్తగా నేమియు చేర్చలేదు. చివర తీసివేసిరి, అంతియే. సగము వార్త పూర్తి అబద్ధముకంటె ప్రమాదకరమగుట ఇట్లుండును.

“నిప్పు లేనిదే పొగ రాదు” అని మనవారందురు. ఈ సామెత ప్రతి పుకారునకును ఊతకఱ్ఱగా నుపయోగపడుచున్నది. రైన్‌పాడాలో పొగ మాత్రమే యుండెను. నిప్పును జనులే తరువాత పెట్టిరి.

గద్వాలలో వినిపించిన దప్పు

ఇదే పుకారు ఆ వేసవిలోనే తెలంగాణమునందలి జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలోను ప్రబలినది. అక్కడ పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి అంతకుముందే ఒక్కొక్క పోలీసు ఉద్యోగికి కొన్ని గ్రామములను అప్పగించి, వారు తరచుగా పోయి ప్రజలతో మాటలాడునట్లు ఏర్పాటు చేసియుండిరి. ఎండకాలమున ఆరుబయట పరుండు జనులు తలుపులు మూసికొని లోపల పరుండుట ఆ ఉద్యోగులు గమనించి, కారణ మడిగిరి. ఫోనులోని బొమ్మలను చూపి జనులు తమ భయమును చెప్పిరి.

పిమ్మట పోలీసులు ఊరూరు తిరిగి దప్పు వాయించి చాటింపు వేసిరి. పాటలు కట్టి పాడించిరి. ఆ సందేశము లెట్లు కల్పింపబడినవో విప్పి చెప్పిరి. అనుమానమున్నచో చేయి చేసికొనక తమకు తెలుపుడని వేడిరి. ఆ జిల్లాలలో ఈ పుకారు వలన ఒక్క ప్రాణమును పోలేదని ఆనాటి పత్రికలు వ్రాసినవి. పుకారు వచ్చినది కొత్త యంత్రముపై. దానిని అడ్డగించినది పాత దప్పు. ఊరివారు నమ్మదగిన మనుష్యుడు ఎదుటికి వచ్చి నిజము చెప్పుటయే ఇందలి కిటుకు. అట్టి మనుష్యులు ప్రతి గ్రామమునను పంచాయతీ సభ్యుల రూపమున నున్నారు గదా!

వార్తకును పుకారునకును భేదము

పుకారునకు తల్లిదండ్రు లుండరు. “అందరు అనుకొనుచున్నారు” అని అది మొదలగును. వార్తకు మాత్రము ఒక పుట్టుక యుండును. చూచినవారు ఎవరు, చెప్పినవారు ఎవరు, వ్రాసిపెట్టిన కాగితము ఏది యను ప్రశ్నలకు అది నిలిచి సమాధానము చెప్పగలదు. కావున ఏ మాట విన్నను మొదట నడుగవలసిన ప్రశ్న ఒక్కటే: “మీ కెట్లు తెలిసినది?” ఈ ప్రశ్నకు “నేను చూచినాను” అను జవాబు వచ్చినచో ఒక విలువ, “చూచినవారు నాకు చెప్పినారు” అన్నచో దానికంటె తక్కువ విలువ, “ఫోనులో వచ్చినది” అన్నచో ఇంకను విచారింపవలసిన దని యర్థము.

సుమతీశతకములో చెప్పిన నీతియు నిదియే. ఎవరు చెప్పినను వినవలెను, కాని తొందరపడక నిజానిజములను తేల్చుకొనవలెనని చిన్నతనమున మనమందరమును వల్లించిన పద్యమే. వార్తాహరుని వృత్తికి అంతకంటె మంచి సూత్రము వేరొకటి లేదు.

ఆరు ప్రశ్నలు

వార్త వ్రాయుటలో మొదట నేర్పునది ఆరు ప్రశ్నలు: ఏమి జరిగినది, ఎవరికి జరిగినది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎట్లు? ముఖ్యమైన సంగతి మొదటి వాక్యములోనే రావలెను. తక్కువ ముఖ్యమైనవి క్రమముగా తరువాత రావలెను. కథలో ముగింపును చివరివరకు దాచుదుము. వార్తలో మొదటనే చెప్పుదుము. చదువరి మధ్యలో ఆపివేసినను ముఖ్యమైనది అతనికి అందియుండవలె నన్నది ఇందలి యుద్దేశము.

ఒక ఉదాహరణము చూతము. ఏదో ఒక గ్రామమున వాంతులు, విరేచనములు వ్యాపించినవనుకొందము. తొందరపాటున వ్రాయువాడు, “అధికారుల నిర్లక్ష్యముచే కలుషితజలము త్రాగి మృత్యుముఖమున పలువురు గ్రామస్థులు” అని వ్రాయును. ఇందులో పలువు రనగా నెందరు? మృత్యుముఖమున నున్నారని చెప్పిన వైద్యు డెవరు? నీరే కారణమని ఎవరు తేల్చిరి? ఒక్క ప్రశ్నకును జవాబు లేదు. భయము మాత్రము కావలసినంత యున్నది.

తెలిసి వ్రాయువా డిట్లు వ్రాయును: “మా గ్రామము పడమటి వీధిలో సోమవారము సాయంకాలము మొదలు బుధవారము ఉదయమువరకు 14 మందికి వాంతులు, విరేచనములు అయినవని ఆరోగ్య ఉపకేంద్రపు నర్సుగారు తెలిపిరి. నలుగురిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో చేర్చిరి. మరణములు లేవు. ట్యాంకు నీటిని పరీక్షకు పంపిరి. ఫలితము ఇంకను రాలేదు. అంతవరకు నీటిని మరగించి త్రాగవలెనని పంచాయతీవారు చాటింపు వేయించిరి.”

రెండవదానిలో అలంకారము లేదు. కాని చదివినవాడు తాను చేయవలసినది తెలిసికొనును. “ఫలితము ఇంకను రాలేదు” అను చిన్న వాక్యము ముఖ్యముగా గమనింపదగినది. తెలియనిదానిని తెలియదని చెప్పుట వార్తకు లోపము కాదు, బలము. నీరు చెడియున్నదని తరువాత తేలినచో, అధికారుల నిర్లక్ష్యమును గురించి అప్పుడు ఋజువుతో వ్రాయవచ్చును; వ్రాయవలెను గూడ.

అంకె చెప్పినచో లెక్కించినవానిని చెప్పవలెను

1977 నవంబరు 19వ తేదిన దివిసీమను ఉప్పెన ముంచివేసినది. ఆ విపత్తులో చనిపోయినవారు ఇంచుమించు 10,000 మంది యని ప్రభుత్వపు లెక్క. అంతకంటె చాల హెచ్చని చెప్పినవారును గలరు. ఈ భేదములో ఎవరో అబద్ధమాడిరని వెంటనే తలపరాదు. సముద్రపు అల కొట్టుకొనిపోయిన శవములు దొరకలేదు. కొన్ని యిండ్లలో కుటుంబమంతయు పోగా, తమవారు పోయిరని చెప్పుటకైన నొక్కరును మిగులలేదు. లెక్క ఎట్లు కుదురును?

కావున అంకె వ్రాయునపుడు మూడు సంగతులు దానితోడనే వ్రాయవలెను. అది ఎవరి లెక్క? ఏ దినమువరకు? ఎట్లు లెక్కించిరి? “వరద వలన 300 ఎకరములు మునిగినవి” అనుటకంటె, “శుక్రవారము సాయంకాలమువరకు వ్యవసాయశాఖవారు చూచిన మేరకు 300 ఎకరములు మునిగినవి” అనుట మేలు. మరునాడు అది 350 అయినను మొదటి వార్త అబద్ధము కాదు. పరిహారము హెచ్చుగా వచ్చునని అంకెలు పెంచుట కొన్నిచోట్ల జరుగుచున్నది. ఒక్కసారి ఆ మోసము బయటపడినచో, తరువాత నిజముగా పంట పోయినవాని మాటయు నమ్మువారుండరు.

మా తప్పు ఒకటి

ఇతరులకు నీతి చెప్పుటకు ముందు మా లెక్కయు నొప్పగింపవలెను గదా. చాల సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున మంచినీటి పథకము ప్రారంభోత్సవమునకు మేము పోయితిమి. కొళాయి త్రిప్పిరి, నీరు వచ్చెను, చప్పట్లు మ్రోగెను. “ఇక ఈ గ్రామమున ఇంటింటికి మంచినీరు” అని వార్త వ్రాసి, ఛాయాచిత్రముతో పంపితిమి. అది అచ్చయినది.

కొన్నిమాసముల తరువాత వేరొక పనిమీద ఆ యూరికే పోగా, ఊరిచివరి దళితవాడకు చెందిన ఒక వృద్ధురాలు మా జీపును ఆపినది. “ఇంటింటికి నీళ్లని రాసింది మీరేనటగదా బాబూ! మా యిల్లు ఇల్లు కాదా?” అని యడిగినది. గొట్టపుమార్గము వారి వాడకు కొంతదూరమున ఆగిపోయినదట. వార్త అచ్చైన పిమ్మట, పని పూర్తియైనదని పత్రికలోనే యున్నదిగదా యని, ఆమె మొరను వినువారే లేకపోయిరి. మేము వ్రాసిన వాక్యము ఆమె నీటికి అడ్డుకట్ట అయినది.

ఆనాడు మేము అబద్ధమాడవలెనని తలపలేదు. ఊరిచివరవరకు నడువలేదు, అంతియే. వెంటనే సవరణ వ్రాసి పంపితిమి; సంబంధించిన యింజనీరుగారికిని తెలిపితిమి. గొట్టములు వేసిరి, కాని ఆమె మోసిన నీళ్లబిందెల లెక్క మా ఖాతాలోనే యున్నది. అప్పటినుండి “అందరికి”, “ఇంటింటికి”, “సంపూర్ణముగా” అను మాటలు వ్రాయుటకు ముందు ఊరి చివరి యింటివరకు పోయి చూచుట మాకు నియమమైనది. పథకముల ప్రగతిని చెప్పునపుడు పంచాయతీ సభ్యులును ఈ నియమమును పాటింతురుగాక.

రెండవపక్షము, మనిషి పరువు

ఎవరిపైనైన నింద వచ్చినపుడు అతని జవాబు వినక వార్త వ్రాయరాదు. అతడు దొరకనిచో వెదకితిమనియు, దొరకలేదనియు వ్రాయవలెను. పోలీసులు పట్టుకొన్నవాడు నిందితుడే గాని నేరస్థుడు కాడు. నేరము తేల్చునది న్యాయస్థానము. “దొంగను పట్టుకొన్నారు” అను వార్త రెండు మాటలలో ముగియును. అతడు నిర్దోషి యని తేలినను ఆ రెండు మాటలు అతని పిల్లల పెండ్లిండ్లవరకు వెంటవచ్చును.

కొన్ని పేర్లను చట్టమే వ్రాయవలదన్నది. అత్యాచారమునకు గురియైన స్త్రీల పేరుగాని, వారిని గుర్తింపజేయు వివరములుగాని ప్రకటించుట నేరము. కేసులలో చిక్కిన పిల్లల విషయమును అంతియే. పేరు చెప్పక, “ఫలానా వీధి మూడవ యింటివారి అమ్మాయి” యన్నను పేరు చెప్పినట్లే. భయము కలిగించు తప్పుడు వార్తలను వ్యాపింపజేయుటయు భారతీయ న్యాయసంహిత 353వ సెక్షను క్రింద శిక్షార్హమే.

ఇట్లనుటచే విమర్శ వలదని యర్థము కాదు. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించి అధికారుల లంచగొండితనమును బయటపెట్టిరి. హైదరాబాదున 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరము ప్రతాపరెడ్డిగారి ఉదాహరణము మరియు చక్కనిది. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, ఆయన తిట్టుకు తిట్టు బదులీయలేదు. ఊరూరి నుండి వివరములు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. వాదమునకు ఋజువును మించిన జవాబు లేదు.

డబ్బుతో కొన్న వార్త

వార్తకు వెల కట్టిన నాడు దాని విలువ పోవును. 2009 ఎన్నికలలో కొందరు అభ్యర్థులు సొమ్మిచ్చి తమ పొగడ్తలను వార్తల రూపమున వేయించుకొనిరని ఆరోపణలు రాగా, ప్రెస్ కౌన్సిలు ఉపసంఘము విచారించి 2010లో నివేదిక నిచ్చినది. ప్రకటన ప్రకటనవలె కనబడినచో దోషము లేదు. అది వార్త వేషము వేసికొనుటయే మోసము. విలేకరికి కానుక లిచ్చి మంచిమాటలు వ్రాయించుకొనుట, చెడ్డవార్త ఆపించుట పంచాయతీ సభ్యులకు తగదు. కొనదగిన విలేకరిని రేపు మీ ప్రత్యర్థియు కొనగలడు.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదటిది, నిజమును త్వరగా చెప్పుట. పుకారు ఖాళీస్థలములోనే మొలచును. గ్రామసభ తేది, తీర్మానములు, వచ్చిన నిధులు, చేసిన వ్యయము నోటీసుబోర్డుపై ఎప్పటికప్పుడు వ్రాయించినచో సగము పుకార్లకు చోటుండదు. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము పంచాయతీలకును వర్తించును. అడుగకముందే ప్రకటింపవలసిన సంగతులు కొన్ని యున్నవని అందులో 4వ సెక్షను చెప్పుచున్నది.

రెండవది, విలేకరి వచ్చినపుడు తెలిసినది చెప్పుట, తెలియనిది తెలియదనుట. నోటిమాటకంటె తీర్మానపు నకలు మేలు. ప్రతికూలమైన ప్రశ్న వచ్చినపుడు కోపపడక జవాబీయవలెను. మీ జవాబు లేనిచో ఎదుటివారి మాటయే అచ్చగును.

మూడవది, ఫోనులో భయంకరమైన సందేశము వచ్చినపుడు ఇతరులకు పంపకుండ ఆగుట. ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు పంపిరి యని విచారించి, పోలీసులనో, సంబంధించిన శాఖవారినో అడిగి, అబద్ధమైనచో అదే సాయంకాలము చాటింపు వేయింపవలెను. 2018 జులైలో ఆ హత్యల తరువాత, ఒక సందేశమును ఒక్కసారికి ఐదు చోట్లకు మించి పంపవీలులేకుండ వాట్సాప్ సంస్థ మన దేశమున కట్టడి చేసినది. యంత్రము పెట్టు కట్టడి అంతవరకే. ఆరవచోటుకును, ఐదవచోటుకును, అసలు మొదటిచోటుకును పంపకుండ ఆగవలసినవాడు మనుష్యుడే.

నాల్గవది, తప్పు చెప్పినపుడు దిద్దుకొనుట. తప్పు ఎంత గట్టిగా చెప్పితిమో, సవరణయు నంత గట్టిగా, అదే చోట చెప్పవలెను. గ్రామసభలో అన్న మాటను చావడిలో గుసగుసగా దిద్దినచో చాలదు.

మీ గ్రామమునకు రేపు ఒక కొత్తమనిషి రావచ్చును. అతనిని గురించి ఒక మాటయు రావచ్చును. జనము మూగి, మీ ముఖమువంక చూచును. అప్పుడు “మీ కెట్లు తెలిసినది?” అని మీరు నిదానముగా నడిగినచో, ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణమును కాపాడవచ్చును.